మామూలుకి అలవాటు పడనివాళ్లు

"ఆ అమ్మాయి ఇమడదండీ."

కోనసీమలో ఒక మండలాఫీసు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర విన్న మాట ఇది. అన్నాయన శత్రువేం కాదు. ఆ ఆఫీసులో పాతికేళ్లుగా పనిచేస్తున్న సీనియర్ అసిస్టెంటు. మంచివాడే. ఆ అమ్మాయి మీద ఆయన గొంతులో జాలి కూడా ఉంది. "తెలివైన పిల్ల. కష్టపడుతుంది. కానీ ఇమడదు. ఏం చేస్తాం?" అని ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల చేసిన నేరం ఏమిటో తర్వాత తెలిసింది. గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటు. ఒకటో తారీఖున ఇంటింటికీ తిరిగి పింఛన్లు పంచుతోంది. ఒక ముసలమ్మ. బతుకంతా కొబ్బరి పీచు పని చేసిన చేతులు. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషను వేలిముద్ర తీసుకోలేదు. తడిగుడ్డతో తుడిచి పెట్టించింది. ఇంకో వేలు పెట్టించింది. రెండో చెయ్యి పెట్టించింది. తీసుకోలేదు. వేరే దారిలో ఇవ్వొచ్చు గానీ దానికి టైము పడుతుంది. ఈలోగా పై నుంచి ఫోను. "సాయంత్రానికి మన మండలం లెక్క తేలిపోవాలి. అందుబాటులో లేరని కొట్టేసి క్లోజ్ చేసెయ్."

ఈ పిల్ల ఏమంది? "ఆవిడ నా ఎదురుగానే కూర్చునుంది కదండీ. లేరని ఎలా రాయను సార్? అలా రాయమని వాట్సాప్‌లో ఒక్క మాట పెట్టండి, రాసేస్తాను."

అంతే. ఆ రోజు నుంచి ఇమడని మనిషి అయిపోయింది.

ఆమె దురుసుగా మాట్లాడలేదు. ధర్నా చెయ్యలేదు. పేపరుకి ఎక్కలేదు. 'సార్' అంటూనే, 'అండీ' అంటూనే ఒక అబద్ధం రాయనంది. మన ఆఫీసులు తిట్టినవాణ్ణయినా క్షమిస్తాయి గానీ, రాసివ్వమన్నవాణ్ణి క్షమించవు.

ఉద్యోగి నమ్ముకున్న విలువలకీ ఆఫీసు నడిచే తీరుకీ పొంతన ఉందా లేదా అన్న ప్రశ్నని ఈ మధ్య హైదరాబాదులో, బెంగళూరులో కంపెనీలు తెగ అడుగుతున్నాయి. ఇంటర్వ్యూలోనే "మా కల్చర్‌కి మీరు ఫిట్ అవుతారా?" అంటారు. గోడల మీద నిజాయితీ, గౌరవం, పారదర్శకత అని అద్దాల ఫ్రేముల్లో పెడతారు. మన సర్కారీ ఆఫీసుల గోడలూ తక్కువ తినలేదు. గాంధీ గారి ఫోటో ఉంటుంది. లంచం అడిగితే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కిందే కుర్చీ వేసుకుని లంచం అడిగేవాళ్లూ ఉంటారు.

కాబట్టి గోడ చదివి ఆఫీసు సంగతి తెలుసుకోలేం. ఆ ఆఫీసు ఎవరికి మెమో ఇస్తుంది, ఎవరికి ఆగస్టు 15న ప్రశంసాపత్రం ఇస్తుంది అన్నది చూడాలి. ఎవడు 'ఫోకల్' సీటులో ఉన్నాడు, ఎవడు 'లూప్‌లైన్‌'లో ఉన్నాడో చూడాలి. ఆఫీసు అసలు మతం అక్కడ బయటపడుతుంది.

మన భాషలోనే ఒక సాక్ష్యం ఉంది. మామూలు. ఉర్దూ నుంచి వచ్చిన మాట. రోజూ జరిగేది, అలవాటుగా నడిచేది అని అర్థం. లంచానికి మనం పెట్టుకున్న పేరు అదే! దొంగతనానికి దొంగతనం అనే పేరు ఉంచాం. మోసాన్ని మోసమే అన్నాం. కానీ ఫైలు కదలడానికి ఇచ్చే డబ్బుకి మాత్రం మామూలు అని పేరు పెట్టి, దాన్ని వానా ఎండా లాంటి సంగతి చేసేశాం. తీసుకునేవాడు మామూలు మనిషి. మరి తీసుకోనివాడో? వాడిలో ఏదో తేడా ఉన్నట్టు. "అతనికి కొంచెం తిక్కండీ" అంటారు. నిజాయితీపరుడికి తిక్క అని పేరు పెట్టిన ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఏం నేర్చుకోవాలి?

1987లో బెంజమిన్ ష్నైడర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. మనుషులే సంస్థని తయారు చేస్తారు అన్నది దాని సారం. ఒక చోటికి తనలాంటివాళ్లు ఉన్నారని ఒకడు వస్తాడు, తమలాంటివాడే అని వాళ్లు వాణ్ణి తీసుకుంటారు, సరిపడనివాడు మానేసి పోతాడు. చివరికి అందరూ ఒకే మూసలో పోసినట్టు మిగులుతారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆయన చెప్పిన మూడో మెట్టు మన ఊళ్లలో పనిచేయదు. మన దగ్గర మానేసిపోయేవాడు ఎవడు?

గ్రామ, వార్డు సచివాలయాల సంగతే చూడండి. 2019లో పరీక్ష పెడితే 20 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ఉద్యోగాలు లక్ష పైచిలుకు. ఆ అక్టోబరు 2న మన తూర్పు గోదావరి కరపలోనే అప్పటి ముఖ్యమంత్రి దాన్ని ప్రారంభించారు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు, ఎంబీయేలు, పీజీలు చేసినవాళ్లు డిజిటల్ అసిస్టెంట్లుగా, వెల్ఫేర్ అసిస్టెంట్లుగా, సర్వేయర్లుగా చేరారు. నెలకి 15 వేలు. రెండేళ్లలో ప్రొబేషన్ అయిపోతుందన్నారు. రెండేళ్లు దాటాయి. 2022 జనవరిలో ఈ పిల్లలు రోడ్డెక్కితే గానీ కదలిక రాలేదు. ఆ ఏడాది సగం గడిచాకే స్కేలు అందింది. ఆ దాదాపు మూడేళ్లలో ఏం జరిగిందో లెక్కల్లో కనిపించదు. ఇరవై మూడేళ్ల వయసులో, "ఊరికి మేలు చెయ్యొచ్చు" అనుకుని వచ్చిన పిల్లకి, నీ ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు సుమా అని రోజూ గుర్తు చేస్తూ పని చేయించారు. ప్రొబేషన్ అంటే పరీక్షా కాలం అని అర్థం. ఏం పరీక్షించారు? పని వచ్చా రాదా అనా, నోరు మూసుకోవడం వచ్చా రాదా అనా?

మానేసి పోలేడు కాబట్టి మన ఉద్యోగి వంగుతాడు. ఒక్కరోజులో వంగడు. మొదటి నెల ఆశ్చర్యపోతాడు. మూడో నెల ఇంట్లో చెప్పుకుని బాధపడతాడు. ఏడాది తిరిగేసరికి "ఎందుకండీ బాబూ మనకి గొడవ" అంటాడు. ఐదేళ్లకి కొత్తగా వచ్చిన పిల్లని చూసి "ఇమడదండీ" అంటాడు. టీ బడ్డీ దగ్గర నేను విన్న ఆ సీనియర్ అసిస్టెంటు కూడా ఒకప్పుడు ఇమడనివాడే అయ్యుంటాడని నా అనుమానం. ఆ గొంతులో జాలి అందుకే అనిపించింది.

మా గోదావరి జిల్లాల్లో ఇంకో చిక్కుంది. 'ఆయ్'. పెద్దవాళ్లు ఏం చెప్పినా 'ఆయ్, అలాగేనండీ' అంటాం. సినిమాల వాళ్లకి అదో వినోదం. నిజానికి అది మర్యాద. మీ మాట విన్నానండీ అని చెప్పడం. అధికారులు దాన్ని ఒప్పుకోలు కింద రాసేసుకుంటారు. వారంవారం జరిగే సమీక్షల్లో ముప్ఫై మంది వరసగా 'ఆయ్' అంటే, ముప్ఫై మందీ ఆ పని న్యాయమని నమ్మినట్టే లెక్క. ఆ ముప్ఫై మందీ బయటికొచ్చి బైకులు స్టార్ట్ చేసేటప్పుడు మాట్లాడుకునే మాటలు వింటే ఆ అధికారికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

ధవళేశ్వరం వెళ్దాం. ఏటా మే 15న అక్కడ కాటన్ విగ్రహానికి దండలు పడతాయి. నీటిపారుదల ఇంజనీర్లు వస్తారు, నాయకులు వస్తారు, ఉపన్యాసాలు చెబుతారు. దొరని దేవుణ్ణి చెయ్యడం మన డెల్టాకి అలవాటే. ఇంట్లో ఫోటో పెట్టి పూజ చేసేవాళ్లని కూడా చూశాను. నాకు ఆ పూజ మీద నమ్మకం లేదు. ఆయన ఈస్టిండియా కంపెనీ జీతగాడు. ఆనకట్ట వల్ల రైతు గింజ చూశాడు, కంపెనీ శిస్తు చూసుకుంది. రెండూ నిజమే. కానీ ఒక ఉద్యోగిగా ఆర్థర్ కాటన్‌ని ఎవరూ చూడరు. చూస్తే దండ వేసే చెయ్యి కాస్త తడబడుతుంది. ఎందుకంటే ఆయన కూడా 'ఇమడని' మనిషి.

అప్పటి రాజమండ్రి జిల్లా ఎలా ఉందో తెలుసు కదా. ఒక ఏడు కరువు, ఒక ఏడు వరద. 1821 నుంచి ఇరవయ్యేళ్లలో జనాభా లక్షన్నరకి పైగా తగ్గిపోయింది. గోదావరి నిండుగా సముద్రంలోకి పోతూనే ఉంది. కాటన్ అప్పటికే కావేరి దగ్గర కొలెరూన్ మీద ఆనకట్టలు కట్టి వచ్చినవాడు. 1844, 45ల్లో ఇక్కడ తిరిగి రిపోర్టులు రాశాడు. మద్రాసులో, లండన్‌లో కూర్చున్నవాళ్ల ఆఫీసు సంస్కృతి ఏమిటి? వసూలు చెయ్యి, ఖర్చు పెట్టకు. ఆయన నమ్మింది దానికి పూర్తిగా అడ్డం. ముందు ఖర్చు పెట్టండి, నీళ్లివ్వండి, తర్వాత అడగండి అన్నాడు. జనం చచ్చిపోతున్నారంటే వాళ్లకి ఎక్కదని తెలుసు. అందుకే ఈ పనికి పెట్టిన ప్రతి రూపాయీ ఎలా తిరిగొస్తుందో లెక్క కట్టి చూపించాడు. యజమాని భాషలోనే యజమానికి చెప్పాడు. అడిగినంత మంది ఇంజనీర్లని ఇవ్వలేదు. ఉన్నవాళ్లతోనే 1847లో మొదలుపెట్టాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు పాయల మీద ఆనకట్ట 1852కి పూర్తయింది.

ఆయన పక్కన వీణెం వీరన్న ఉన్నాడు. మన రాజమండ్రి మనిషి. కూలీలని పోగు చేసి, వాళ్ల తిండీ బసా చూసి, పని నడిపించినవాడు. తర్వాత రాయబహద్దూర్ అయ్యాడు. కాటన్‌కి పడిన దండల్లో పదో వంతైనా వీరన్నకి పడవు. అదీ ఒక ఆఫీసు సంస్కృతే. పని కిందవాడిది, పేరు పైవాడిది. రెండు వందల ఏళ్లకి దగ్గర పడుతున్నా ఆ పద్ధతి చెక్కు చెదరలేదు.

కాటన్ అంతటితో ఊరుకోలేదు. సర్కారు రైళ్లకి డబ్బు పోస్తుంటే, కాలువలకి పొయ్యండి, కరువు ఆగేది కాలువలతో అని రిటైరయ్యాక కూడా పోట్లాడాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చోబెట్టి ఆయన్ని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. సొంత సర్కారుకే ఆయన మాట రుచించలేదు. ఈ సంగతులు మే 15 ఉపన్యాసాల్లో ఎందుకు రావు? వస్తే కుర్రాడైన సెక్షన్ ఆఫీసరు ఎవరో లేచి అడగొచ్చు. "సార్, మరి నేను మొన్న ఈ అంచనా తప్పని రాస్తే నన్నెందుకు బదిలీ చేశారు?" అని.

కంపెనీ వాడు దొర కాబట్టి కాటన్ నెగ్గుకొచ్చాడు. చర్మం రంగు, ర్యాంకు, ఇంగ్లీషు ఆయనకి అండ. మన ఆఫీసులో ఇమడని ప్రతివాడికీ ఆ అండ ఉండదు. ఇక్కడే అసలు విషయం చెప్పాలి. డెల్టాలో ఆఫీసుకి సరిపడటం అంటే చాలాసార్లు కులానికి సరిపడటం. కొత్తగా చేరినవాళ్లని మొదటి రోజు అడిగే ప్రశ్నలు గుర్తు చేసుకోండి. "ఏ ఊరండీ మీది?" తర్వాత "ఊళ్లో ఎటుపక్క?" తర్వాత "గుడి దగ్గరా, చెరువు అవతలా?" మూడో ప్రశ్నకి కావలసింది దొరికిపోతుంది. ఎవరూ కులం అడగలేదు! ఆ తర్వాత టీ ఆర్డరు చెప్పేటప్పుడు ఎవరి పేరు మర్చిపోతారు, పెళ్లికి ఎవరికి కార్డు రాదు, సర్పంచి గారింటికి వెళ్లినప్పుడు ఎవరు కుర్చీలో కూర్చుంటారు, ఎవరు అరుగు దగ్గర నిలబడతారు అన్నవన్నీ ఆ మూడో ప్రశ్న దగ్గరే తేలిపోతాయి. ఒక దళిత ఏఎన్ఎం అక్క నాతో అంది: "నేను బాగా పని చేస్తే 'కష్టపడుతుంది' అంటారు తమ్ముడూ. పక్క సీటావిడ అదే పని చేస్తే 'సమర్థురాలు' అంటారు." ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం కొలిచే మిషను ఏ సచివాలయానికీ ఇవ్వలేదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. అమలాపురం జిల్లా కేంద్రమైంది. ఆ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే మే 24న ఊరు తగలబడింది. మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. ఆ మంటలు ఆరాక మర్నాడు ఆఫీసులు తెరిచారు కదా. పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు ఆ రోజు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నారు? ఏం మాట్లాడుకోలేదు? ఆ మౌనం గురించి ఏ సర్వీసు రూల్సులోనూ లేదు.

ఇతరుల ఆఫీసుల గురించి ఇంత రాసి నా సంగతి దాచుకుంటే బాగోదు. నేనూ ఇమడనివాణ్ణే. కొంతకాలం ఇమిడినవాణ్ణి కూడా.

డిగ్రీ అయ్యాక ఒక పత్రికకి మండల కంట్రిబ్యూటరుగా చేరాను. కంట్రిబ్యూటరు అంటే తెలియనివాళ్లకి చెప్పాలి. జీతం ఉండదు. అచ్చయిన లైన్లు స్కేలుతో కొలిచి లైనుకింత అని ఇస్తారు. ఉగాదికీ, సంక్రాంతికీ, నాయకుడి పుట్టినరోజుకీ యాడ్లు తేవాలి. ఎవడి మీద వార్త రాయాలో వాడి దగ్గరికే యాడ్ కోసం వెళ్లాలి. ఇసుక గురించి రాసిన వారానికే ఇసుక కాంట్రాక్టరు గుమ్మంలో నిలబడ్డ రోజు నాకు గుర్తుంది. ఆయన కాఫీ ఇప్పించాడు. "మీరు కుర్రాళ్లు, రాసుకోవాలి, తప్పు లేదు. యాడ్ ఎంత సైజు వెయ్యమంటారు?" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

2013 వచ్చింది. డెల్టా అంతా సమ్మె. రెండు రాష్ట్రాలైతే రెండు ప్రాంతాల పేదవాడికీ మంచిదే అని నమ్మి, తెలంగాణ ఇవ్వాలని రాజమండ్రి వీధుల్లో కరపత్రాలు పంచిన పిడికెడు మందిలో నేనొకణ్ణి. ద్రోహులన్నారు. అది సరే, ఉద్యమంలో అది మామూలే. కానీ పొద్దున కరపత్రం పంచి, సాయంత్రం అదే చేత్తో సమైక్య ర్యాలీకి "జనసంద్రం" అని హెడ్డింగు పంపేవాణ్ణి. నేను లెక్కపెట్టింది నాలుగొందల మంది. డెస్కులో అది వేలయ్యేది. అదే పత్రిక అవతలి జిల్లాల్లో ఇంకో మాట మాట్లాడేది. ఒకే పేరు, ఒకే ధర, రెండు నాలుకలు. ఆ రోజుల్లో తెలుగు పత్రికలు చదివిన మీకు ఇది కొత్త సంగతేం కాదు. ఆరు వారాలు అలా రాశాను. ఏడో వారం "సుమారు నాలుగు వందల మంది" అని పంపాను. రాత్రి ఫోను. ఏం తిట్టలేదు. "నువ్వు మనకి సెట్ కావేమో తమ్ముడూ, ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకున్నాను.

నేను బయటికి రాగలిగాను. పెళ్లి కాలేదు, అప్పు లేదు, నాన్న పెన్షను ఉంది. దీన్ని ధైర్యం అనుకుంటే అబద్ధం. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఉన్న నా తోటివాళ్లు అక్కడే ఉండిపోయారు. వాళ్లు నాకన్నా చెడ్డవాళ్లు కారు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక పుస్తకం రాశాడు. చోటు చెడినప్పుడు మనిషికి దారులు ఏమిటంటే, వెళ్లిపోవడం, నోరు తెరవడం. ఎంత విధేయత ఉంటే అంత ఆలస్యంగా వెళ్తాడు అన్నాడు. వెళ్లిపోయే దారి మూసుకుపోయి, నోరు తెరిచే దారికి మెమో అడ్డం పెడితే మిగిలేది విధేయత కాదు. లొంగుబాటు.

మరి నోరు తెరిచిన రోజులు మన ఉద్యోగుల చరిత్రలో లేవా? ఉన్నాయి. ఉద్యమంలో తిరిగిన మనకి అవి బాగా తెలుసు.

ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక జై ఆంధ్ర ఉద్యమం లేచింది. కోస్తాలో ఎన్జీవోలు 108 రోజులు సమ్మె చేశారు. జీతాలు లేవు. మా వీధిలో అప్పటి గుమాస్తా ఒకాయన ఉండేవారు, రిటైరై చాలా కాలమైంది. తాళిబొట్టు తాకట్టు పెట్టిన కథ అందరూ చెబుతారు, ఆయనా చెప్పారు. కానీ నాకు గుర్తుండిపోయింది వేరే మాట. "ఆ మూడు నెలలూ టెంటులో మా సూపర్నెంటు, నేను, అటెండరు సూర్యం ఒకే చాప మీద కూర్చున్నాం అబ్బాయ్. ఆయన బీడీ మా సూపర్నెంటు కాల్చాడు. సమ్మె అయిపోయింది. మర్నాడు ఆఫీసుకెళ్తే సూర్యం మళ్లీ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎవరూ నిలబడమనలేదు. వాడే నిలబడ్డాడు."

2011 సెప్టెంబరు 13 నుంచి తెలంగాణలో 42 రోజుల సకల జనుల సమ్మె. గెజిటెడ్ అధికారి, అటెండరు, టీచరు, బొగ్గుగని కార్మికుడు రోడ్డు మీద వంటా వార్పూ చేసుకుని ఒకే పంక్తిలో తిన్నారు. 2013లో ఇటుపక్క 66 రోజులు. ఆ సమ్మె కోరిక నా కోరిక కాదు. అయినా రాజమండ్రి వీధుల్లో ఆ టెంట్ల ముందు నుంచి నడుస్తూ ఒకటి గమనించాను. ఆఫీసులో తలెత్తి మాట్లాడని మనిషి మైకు పట్టుకుంటే మంత్రిని పేరు పెట్టి నిలదీశాడు. కోరిక ఏదైనా కానీ, నమ్మిన దానికీ చేసే పనికీ తేడా లేని రోజులు వాళ్ల సర్వీసు మొత్తంలో అవే. పూర్తిగా సరిపడిన చోటు వాళ్లకి ఆఫీసులో దొరకలేదు, టెంటు కింద దొరికింది.

2014 జూన్ 2 వచ్చింది. రెండు రాష్ట్రాలయ్యాయి. ఉద్యోగులని పంచారు. ఫైళ్లని పంచారు. కుర్చీలు, కార్లు, ఫర్నిచరు పంచుకున్నారు. 2016లో హైదరాబాదు సచివాలయం నుంచి వెలగపూడికి మూటా ముల్లె సర్దుకుని వచ్చారు. సెలవు రోజుల్లో భార్యాబిడ్డల కోసం రైలెక్కి పోయేవారు. వాళ్ల కష్టం నేను తక్కువ చెయ్యను. కానీ ఆ మూటల్లో మామూలు కూడా వచ్చింది. అటు అక్కడ మిగిలిపోయిందీ మామూలే. కొత్త రాష్ట్రంలో పాత ఆఫీసు. నీళ్లు, నిధులు, నియామకాలు అని అరిచిన గొంతులు మనవి. నియామకం దగ్గరే ఆగిపోయాం. ఉద్యోగం వచ్చాక ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఎలాంటి మనిషిగా బతకాలి అన్న ప్రశ్న మన జెండాల మీద ఎప్పుడూ లేదు. ఉద్యమంలో పాట పాడిన కుర్రాడే ఇవాళ ఒక ఆఫీసులో ధ్రువపత్రం కోసం వచ్చిన రైతుని మూడుసార్లు తిప్పుతున్నాడంటే తప్పు వాడొక్కడిదేనా?

సంఘాలనీ అడగాలి. 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడ అంటే దారి పొడుగునా పోలీసుల్ని దాటుకుని, మారువేషాలు వేసుకుని కూడా వేలమంది పోయారు. పీఆర్సీ కోసం. న్యాయమే. డీఏ బకాయిలు అడగాలి, పెన్షను అడగాలి. నేను కాదనను, అప్పులో ఉన్నవాడికి విలువలు నేర్పడం దుర్మార్గం. కానీ డిమాండ్ల పత్రంలో చివరి నంబరుగానైనా ఒక్క మాట ఉండకూడదా? తప్పుడు పని చెయ్యనన్న ఉద్యోగికి సంఘం అండగా నిలబడుతుంది అని.

దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2013 అక్టోబరు 31న టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అధికారులు నోటిమాట ఆదేశాల మీద పనిచేయకూడదు, రాతలో ఉండాలి అంది. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో అంతకు ముందు నుంచే ఉంది, పైఅధికారి నోటితో చెబితే వెంటనే రాసి ధ్రువపరచాలని. కోనసీమలో ఆ వెల్ఫేర్ అసిస్టెంటు పిల్ల అడిగింది అంతకు మించి ఏమీ కాదు. దేశంలో పెద్ద కోర్టు చెప్పిన మాటే వాట్సాప్‌లో పెట్టమంది. కోర్టుకి సరిపడిన మనిషి మండలాఫీసుకి సరిపడలేదు. జిల్లాలో ఒక్క సంఘం నాయకుడు ఆ తీర్పుని తెలుగులో ఒక పేజీ అచ్చేయించి ప్రతి సచివాలయంలో అతికిస్తే ఎంత ఖర్చవుతుంది? డైరీల కన్నా, క్యాలెండర్ల కన్నా తక్కువే.

మొన్న ఆ అమ్మాయిని కలిశాను. పేరు రాయొద్దంది, రాయను. ముసలమ్మకి పింఛను రెండో తారీఖున ఇచ్చేసిందట. మండలం లెక్క మాత్రం ఒకటి తక్కువ వచ్చింది. తర్వాత ఏమైందని అడిగాను. నవ్వింది. ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టుకుందట. ఎవరు ఏ తారీఖున, ఎన్ని గంటలకి, ఏం చెయ్యమని ఫోనులో చెప్పారో రాసుకుంటుంది. ఆ సంగతి పైకి తెలిసినప్పటి నుంచి ఆమెకి అలాంటి ఫోన్లు రావడం లేదు. పక్క సీటు కుర్రాడికి వస్తున్నాయి.

ఆ కుర్రాడు పోయిన వారం ఆమెని అడిగాడట, ఆ నోటుబుక్కు ఏ కొట్లో కొన్నావని.